తప్పిపోయింది నేను కాదు

ముందే చెప్పేస్తున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తులు ఎక్కడపడితే అక్కడ పడతాయి. అరవయ్యో ఏట పలక పట్టినదాన్ని, పేజీ నిండాలంటే నాకు రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు మన్నించి, తప్పున్నచోట దిద్దుకుని చదువుకోండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాశాను.

మా ఆయన దర్జీ. ఆయన చొక్కా కుడితే కాజాలు తీసి గుండీలు వేయడం నా పని. ముప్ఫై ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి. అందుకే మా వీధిలో నన్ను కాజాలమ్మ అంటారు. ఆయన పోయాక కూతురింటికి చేరాను. ఆయనకు ఒక్కతే అక్క, నాకు వదిన. ఆమె భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఊరి బస్టాండులో సామాను గది చూసుకునేది. ప్రయాణికుడు పెట్టె ఇస్తే ఇత్తడి బిళ్ళ ఇవ్వడం, బిళ్ళ తెస్తే పెట్టె ఇవ్వడం. ఇరవై ఏడేళ్ళు ఆ పని చేసింది. బిళ్ళ పోగొట్టుకుని బతిమాలేవాళ్ళతో, "దేవుడే దిగొచ్చినా బిళ్ళ చూపించాల్సిందే నాయనా, పోయి వెతుక్కో" అనేది. పని మానేశాక బస్టాండు వెనక సందులోనే ఒక గదిలో ఒక్కతీ ఉండేది.

ఈ యాత్ర ఆలోచన వదినదే.

"ఏమే పిల్లా, ఆ మహానగరానికి పోయే పెట్టెలు ఇరవై ఏడేళ్ళు మోశాను. అవన్నీ ఎక్కడ దిగాయో ఒక్కసారి చూసొద్దామే" అంది.

నాకు అరవై రెండేళ్ళు వచ్చినా వదినకు పిల్లనే. పెళ్ళిపీటల మీద చూసినప్పటి పిలుపు, మార్చుకోలేదు.

మా అమ్మాయి వినగానే నెత్తి పట్టుకుంది. "ఇద్దరు ముసలమ్మలు, అంత ఊళ్ళో! ఎవడైనా ఎత్తుకుపోతే?" అంది.

"ఎత్తుకుపోయినవాడే మళ్ళీ తెచ్చి దింపుతాడు, మోయలేక" అంది వదిన.

మా అల్లుడు నెమ్మదస్తుడు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని. లోకంలో మనిషికి జరగగల చెడంతా ఆయన ఫైళ్ళలో ఉంటుంది. ఆయన కాదనలేదు. ఒక రాత్రి కూర్చుని, నేను చదువుకోగలిగేలా పెద్ద అక్షరాలతో పన్నెండు జాగ్రత్తలు కాగితం మీద రాసిచ్చాడు. "అత్తయ్యా, ఇది మీ దగ్గరుంటే నాకు బెంగ ఉండదు" అన్నాడు. కొత్త పేటలో దారి తెలిసినవాళ్ళలా నడవండి. ఒంటరిగా ఉన్నామని, దారి తప్పామని పరాయివాళ్ళతో అనకండి. సంచి గోడవైపు భుజానికి వేసుకోండి. ఇలా పన్నెండు.

చదువు కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక జబ్బుంటుంది. అచ్చులో ఉన్నదైనా, చేత్తో రాసిందైనా, రాసిందంటే నిజమే అనుకుంటారు. నాకు ఆ జబ్బు గట్టిగా ఉంది. బస్సులో కూర్చుని ఆ కాగితాన్ని కంఠతా పట్టాను.

వదినకు ఒక్క అక్షరం రాదు. లాడ్జి పేరు, ఫోను నంబరు అట్ట మీద రాసి, దారం కట్టి, "మెడలో వేసుకో వదినా" అన్నాను.

"నేను సామానునటే? ఇన్నాళ్ళూ పెట్టెలకు కట్టాను, ఇప్పుడు నాకు కడతావా?" అని అట్టను కిటికీలోంచి బయటికి విసిరింది.

మొదటిరోజు ఆ ఊరి పెద్ద బస్టాండు చూశాం. వదిన చూడదలుచుకున్నది అదొక్కటే. అక్కడి సామాను గది ముందు గంటన్నర నిలబడింది. బిళ్ళలు లేవు, యంత్రంలోంచి కాగితం ముక్క వస్తోంది. "తడిస్తే ఏం చేస్తారు?" అని అక్కడి ఉద్యోగిని అడిగింది. అతను యంత్రం వంకా, కాగితం వంకా చూసుకున్నాడు. ఆమెకు ఆ పూటకు అది చాలు.

నడుస్తుంటే ఆమె పద్ధతి వేరు, నా పద్ధతి వేరు. నేను బోర్డులు చదువుతాను, ఆమె మనుషుల్ని చదువుతుంది. లాడ్జి మెట్ల దగ్గర తిరుగుతున్న ఒకణ్ణి చూసి, "సంచి జాగ్రత్త, వాడు దొంగ" అంది.

"ఎలా తెలుసు?"

"కొనేవాడు సామాను వంక చూస్తాడు. దొంగ సామాను ఆసామి వంక చూస్తాడు. నీ మొహమంత అందంగా ఏముందని వాడు అట్లా చూడ్డం?"

పైగా దారిలో కనపడిన ప్రతివాళ్ళతో మాట కలిపేది. పళ్ళమ్ముకునేవాళ్ళతో, ఊడ్చేవాళ్ళతో, బల్ల మీద కూర్చుని ఊరికే ఉన్నవాళ్ళతో. మేం ఏ ఊరినుంచి వచ్చామో, ఎక్కడ దిగామో, నాకు మోకాలి నొప్పి ఏ కాలికో, అన్నీ చెప్పేసేది. నేను వెనకనుంచి కొంగు లాగుతూ, "వదినా, నాలుగోది! పరాయివాళ్ళతో అన్నీ చెప్పకూడదు!" అనేదాన్ని.

"నీ నాలుగోది నువ్వే మడిచి దాచుకో" అనేది.

రెండోరోజు పాత బజారుకు వెళ్ళాం. నదివైపు దిగే సందులన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొచ్చినట్టుంటాయి. ఒక సందు నిండా తాళాలు, ఒక సందు నిండా అద్దాలు, ఇంకో సందులో అంతా కుళాయిలు, గొట్టాలు. ఒంటిగంట దాటింది. వదినకు షుగరుంది. మాత్ర వేసుకున్నాక అరగంటలో తినాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయని డాక్టరు చెప్పాడు. కుళాయిల సందు చివర భోజనశాల కనిపిస్తూనే ఉంది, వాసన కూడా వస్తోంది. ఆ ధైర్యంతో వదిన నడుస్తూనే మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. సీసా మూత పెట్టి నాకిచ్చింది. తిండి సామాను, ఫోను, మందులు అన్నీ నా సంచిలోనే.

అప్పుడే నాకు గోడ మీద ఒక నోటీసు కనిపించింది.

పెద్ద విషయమేమీ కాదు. ఆ పేటలో ఫలానా రోజు ఫలానా వేళనుంచి నీళ్ళు రావు, పట్టి ఉంచుకోండి అని నీటి శాఖవాళ్ళు అంటించింది. మాకు ఆ నీళ్ళతో పనేముంది? కానీ సగం చదివి వదిలేయడం నాకు చేతకాదు, కాజా సగంలో వదిలేసినట్టుంటుంది. ఎనిమిది వరసలు. ఏడో వరసలో ఒక పెద్ద మాట దగ్గర రెండుసార్లు వెనక్కి వెళ్ళాను. చదవడం అయ్యాక, "వదినా, వీళ్ళకి గురువారం నీళ్ళు రావట" అన్నాను.

పక్కన వదిన లేదు.

భోజనశాలకు పరిగెత్తాను. అక్కడా లేదు. పక్క సందు చూశాను, లేదు.

మీకో సంగతి చెప్పాలి. బస్టాండులో రోజుకు పదిమంది తప్పిపోతారు. వాళ్ళకోసం వదిన ఒక సూత్రం పెట్టుకుంది: తప్పిపోయినవాళ్ళు విడిపోయినచోటే కూర్చోవాలి, వెతికేవాళ్ళు తిరగాలి. ఇద్దరూ తిరిగితే సాయంత్రం దాకా గానుగ చుట్టూ తిరిగినట్టే. ఇది మా ఇద్దరికీ తెలుసు. ఆమె చెప్పగా నేను వందసార్లు విన్నాను. మరి ఎందుకు పనికిరాలేదంటారా? నా లెక్కలో తప్పిపోయింది వదిన. అక్షరం రాదు, లాడ్జి పేరు తెలీదు, ఫోను లేదు. కాబట్టి ఆమె కూర్చోవాలి, నేను వెతకాలి. ఆమె లెక్కలో తప్పిపోయింది నేను. గోడలు చూస్తూ నడిచే మనిషిని, లోకం తెలియని పిల్లని. కాబట్టి నేను కూర్చోవాలి, తను వెతకాలి. ఇద్దరం వెతుకుతూనే ఉన్నాం.

మాత్ర వేసుకుని పది నిమిషాలైంది, ఇరవై అయ్యింది. తాళాల సందు, అద్దాల సందు రెండుసార్లు తిరిగాను. అన్ని అద్దాల్లోనూ నేనే కనిపించాను. ఎవరినైనా అడుగుదామంటే కాగితం అడ్డొచ్చింది. దారి తప్పామని పరాయివాళ్ళతో అనకండి. తెలిసినట్టు నడవండి. గుండె గుబగుబలాడుతుంటే, మొహం మాత్రం సొంత వీధిలో పాలకు వెళ్తున్నదానిలా పెట్టుకుని నడిచాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ముప్పావుగంట అయ్యేసరికి కుళాయిల సందుకు మళ్ళీ వచ్చి, ఆ నోటీసు పక్కనున్న కొట్టు ముందు ఆగిపోయాను. లోపల కూర్చున్నామె నడివయసు మనిషి. చేతికి గ్రీజు అంటి ఉంది, ఒక కుళాయి విప్పి శుభ్రం చేస్తోంది. ఇక కాగితం సంగతి నాకు అనవసరం అనిపించింది.

"అమ్మా, ఎండలో కూడా ఆకుపచ్చ శాలువా వేసుకున్న పెద్దావిడ ఇటువైపు వచ్చిందా?" అని అడిగాను.

"ఒకసారా? మూడుసార్లు వచ్చింది" అంది ఆమె. "మా పిల్ల తప్పిపోయింది, కనిపించిందా అని. ఏం గౌను వేసుకుందండీ అన్నాను. 'గౌనా, దాని మొహం' అని విసవిసా వెళ్ళిపోయింది. ఈ సందులో వాళ్ళంతా ఒకటే వెతకడం, ఆరేడేళ్ళ పిల్లకోసం. గోడౌనుల్లో కూడా చూశారు."

"ఆ పిల్లని నేనే" అన్నాను.

ఆమె కుళాయి కింద పెట్టి నా నెరిసిన జుట్టు వంక చూసింది. నవ్వలేదు, పాపం. స్టూలు జరిపి "కూర్చోండి" అంది.

కూర్చున్నాను. తప్పిపోయింది నేనే అని ఒప్పుకుని కూర్చున్నాను. మూడుసార్లు వచ్చిన మనిషి నాలుగోసారి రాకపోతుందా? వస్తే నా చేతిలో రొట్టె ఉంది, అరటిపండుంది, తీపి బిస్కెట్లున్నాయి.

"చివరిసారి ఎప్పుడొచ్చిందమ్మా?"

"పావుగంట దాటింది. కాస్త తూలుతున్నట్టు నడిచింది. నేను నీళ్ళిస్తానంటే వద్దంది."

లేచి పరిగెత్తుదామా అంటే ఎటు? లేస్తే ఆమె వచ్చి మళ్ళీ వెళ్ళిపోతుంది. స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఒకతను వచ్చాడు. ముప్ఫై ఐదుంటాయి. చొక్కాకు రెండు గుండీలు లేవు, ఉన్న మూడూ మూడు రకాలు. చేతులు కాయలు కాచి ఉన్నాయి. రొప్పుతున్నాడు. కొట్టు లోపలికీ నా వైపుకీ చూసి, "ఇక్కడ ఎవరైనా పిల్ల ఉందా?" అన్నాడు.

"నేనే" అన్నాను.

"వేళాకోళం కాదమ్మా. ఆకుపచ్చ శాలువా ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. గోనెసంచుల గోడౌను వెనక చిన్న ఆస్పత్రి ఉంది, మోసుకెళ్ళి పడుకోబెట్టాం. కుళాయిల కొట్టు, మా పిల్ల అని గొణుగుతోంది. ఎవరో చూసి తీసుకురమ్మన్నారు."

"నేనేనయ్యా ఆ పిల్లని."

"అయితే రండి, తొందరగా."

లేచాను. ఒక అడుగు వేశాను కూడా. అప్పుడు తొమ్మిదో జాగ్రత్త గుర్తొచ్చింది. 'మీవాళ్ళకు దెబ్బ తగిలింది, రండి అని ఎవరైనా పిలిస్తే వాళ్ళ వెంట వెళ్ళకండి.' మాటకు మాట అదే. మా అల్లుడు ఇతన్ని చూసి రాసినట్టే ఉంది. వదిన ఈ సందంతా తిరిగి మా పిల్ల, మా పిల్ల అని అరిచింది. ఆ మాట విననివాడు ఎవడు? శాలువా రంగు చూడనివాడు ఎవడు?

కొట్టు ఆమె వైపు చూశాను. "మీరెరుగుదురా ఇతన్ని?"

"బండి తోసేవాళ్ళు రోజుకొకరు వస్తారమ్మా. నేనెరగను" అంది. గొంతు తగ్గించి, "ఆస్పత్రి ఉన్నమాట నిజమే. ఆ గోడౌను సందు మాత్రం ఈ వేళ నిర్మానుష్యంగా ఉంటుంది. నేను కొట్టు వదిలి రాలేను, ఇతని సంగతి చెప్పలేను" అంది.

"ఫోను చేస్తారా అక్కడికి?"

"నంబరు లేదు."

అతను చేతులు నడుం మీద పెట్టుకుని, "వస్తారా, రారా? నా బండి నడిరోడ్డు మీద వదిలేశాను" అన్నాడు.

వెళ్తే ఏమవుతుందో తెలీదు. వెళ్ళకపోతే, ఇతను నిజం చెబుతుంటే, వదిన అక్కడ పడి ఉంది. వాళ్ళకు ఆమె మాత్ర వేసుకున్న సంగతి తెలీదు. ఎండదెబ్బ అనుకుని తడిగుడ్డ వేసి పడుకోబెడతారు. ఈ వైపు భయం, ఆ వైపు భయం. నా దగ్గర తేల్చుకునే సాధనమేదీ లేదు. కాగితం అంతవరకే చెప్పి ఊరుకుంది. ఆ పైన ఏం చెయ్యాలో రాయలేదు.

వదినే అయితే ఏం చేసేది? బిళ్ళ అడిగేది.

"ఒక పని చెయ్యి నాయనా," అన్నాను. "ఈ బిస్కెట్లు పట్టుకెళ్ళు. ఆ నర్సుకో డాక్టరుకో ఈ మాట చెప్పు: ఆవిడ ఒంటిగంటకు షుగరు మాత్ర వేసుకుంది, తర్వాత ఏమీ తినలేదు. మరిచిపోకు. ఏమని చెప్తావు?"

"ఒంటిగంటకు షుగరు మాత్ర, తినలేదు."

"చెప్పాక, ఆవిడ చెప్పు ఒకటి పట్టుకురా. చెప్పు తెస్తే వస్తాను."

"ఏం తేవాలి?"

"చెప్పు. కాలి చెప్పు. కుడిదైనా, ఎడమదైనా."

అతను నన్ను అదోలా చూశాడు. కొట్టు ఆమెను చూశాడు. బిస్కెట్ల పొట్లం చూసుకున్నాడు. ఏదో గొణిగి పరిగెత్తాడు. ఏమన్నాడో వినపడలేదు, వినపడకపోవడమే మంచిదైంది.

కొట్టులో గోడ గడియారం ఉంది. దాని వంకే చూశాను. అతను దొంగైతే తిరిగి రాడు, పోయింది బిస్కెట్ల పొట్లమే. అతను మంచివాడైతే? మంచివాడై, విసుగు పుట్టి, 'ఈ ముసలిది పిచ్చిది' అనుకుని బండి దగ్గరకు వెళ్ళిపోతే? అప్పుడు నా అనుమానమే వదిన ప్రాణం తీసినట్టు. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. మా ఆయన పోయేముందు నాకేమీ అప్పజెప్పలేదు. మాట పడిపోయింది. ఒక్కసారి మాత్రం అక్క చెయ్యి పట్టుకుని నా వైపు చూశాడు. ఎవరిని ఎవరికి అప్పజెప్పాడో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పదమూడు నిమిషాలైంది. సందు మలుపులో గోల వినపడింది. అతనే వస్తున్నాడు పరిగెత్తుకుంటూ, చేతిలో చెప్పు పైకెత్తి పట్టుకుని. నడిబజారులో చెప్పు ఎత్తుకుని ఒక మనిషి పరిగెత్తి వస్తుంటే ఎవరు ఊరుకుంటారు? ఎవణ్ణో కొట్టడానికే అనుకుని ఇద్దరు పక్కకు తప్పుకున్నారు, నలుగురు వెనకపడ్డారు. తెచ్చి నా ముందు పెట్టాడు. బొటనవేలి పట్టీ దగ్గర నేను మైనం దారంతో వేసిన కుట్టు.

నేను కొట్టు ఆమెతో వెళ్ళొస్తానని కూడా అనలేదు.

గోడౌను సందు నిజంగానే నిర్మానుష్యంగా ఉంది. అతను ముందు, నేను చెప్పు పట్టుకుని వెనక. ఆస్పత్రి అంటే రెండు గదులు. లోపలి గదిలో వదిన పడుకుని ఉంది, చేతికి సూది, పైన సీసా వేలాడుతోంది. మొహం గోడ సున్నంలా ఉంది కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు అంతకన్నా తెరిచి ఉంది.

"నర్సమ్మా, పోలీసుల్ని పిలువు! వాడు నా చెప్పు ఎత్తుకుపోయాడు. పడిపోయినదాన్ని మోసుకొచ్చాడని దీవిస్తుంటే, కాలిది లాక్కుని పారిపోయాడు! ఒంటి చెప్పు ఏం చేసుకుంటాడే దరిద్రుడు!"

"ఇదిగో నీ చెప్పు" అన్నాను.

నన్ను చూసింది. "దొరికావా? ఎక్కడికి పోయావే? ఊరంతా వెతికాను" అంది.

"నేను పోలేదు వదినా, నువ్వు పోయావు."

"నేనెందుకు పోతాను? నేను భోజనశాల వైపే నడుస్తున్నాను. వెనక్కి చూస్తే ఆ జనంలో నువ్వు లేవు. తప్పిపోయింది నువ్వు."

నర్సు మధ్యలోకి వచ్చింది. "మీరేనా మాత్ర సంగతి చెప్పి పంపింది?" అంది నాతో. "మేము ఎండకి పడిపోయిందనుకున్నాం. ఆయన వచ్చి చెప్పాక షుగరు చూస్తే బాగా దిగిపోయింది. వెంటనే గ్లూకోజు పెట్టాం. ఇంకో అరగంట అలాగే ఉంటే మాట పడిపోయేది."

బండి అతను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నేను అతని దగ్గరకు వెళ్ళాను.

"నా మొహం అంత అన్యాయంగా ఉందా అమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"నీ మొహం కాదు నాయనా. మొహం నాకు చదవడం రాదు" అన్నాను. "ఉండు, నా దగ్గర సూదీ దారం ఉన్నాయి, ఆ గుండీలు రెండూ..."

"బండి నడిరోడ్డు మీదుంది" అని వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను. మర్నాడు ఆ సందుల్లో పొద్దున్నంతా వెతికాను. తోపుడు బండ్లు చాలా ఉన్నాయి, అతను కనపడలేదు.

చెప్పు ఎందుకు తెప్పించానో వదినకు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"రెండూ తెమ్మనాల్సింది" అంది. "ఒకటే అయితే దారిలో దొరికిందనుకోవచ్చు."

నర్సు ఒక కాగితం తెచ్చుకుని కూర్చుంది. వయసెంత, ఏ మాత్రలు, ఎన్నాళ్ళుగా అని రాసుకుంది. తర్వాత అడిగింది. "ఇలా పడిపోవడం ఇదే మొదటిసారా?"

వదిన గోడవైపు తిరిగింది. "అబ్బే, ఎప్పుడో" అంది.

"ఎప్పుడో అంటే?"

"చలికాలంలో ఒకసారి. మొన్న పోయిన నెలలో ఒకసారి."

"ఎవరు చూసుకున్నారు?"

"ఎవరు చూసుకునేదేముంది? కాసేపు పడుకున్నాను. మెలకువొచ్చాక లేచి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను."

"ఇంట్లో ఎవరుంటారు?"

"నేనుంటాను."

"ఇంకా?"

"నేనొక్కదాన్ని చాలనా?"

నాకు ఈ సంగతి తెలీదు. కూతురింటినుంచి ఆమె గదికి బస్సులో అరగంట. పదిహేను రోజులకోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా గలగలా మాట్లాడేది, నన్ను ఆటపట్టించేది, నేను నవ్వుకుంటూ తిరిగొచ్చేదాన్ని. ఆ గదిలో నేలమీద స్పృహ లేకుండా ఎంతసేపు పడి ఉందో ఆమెకే తెలీదు. ఇంత పెద్ద ఊళ్ళో, ముక్కూమొహం తెలియని పేటలో పడిపోతే పావుగంటలో నలుగురు మోశారు, ఒకడు చెప్పు పట్టుకుని పరిగెత్తాడు. సొంత గదిలో పడితే ఎవరూ లేరు. మా అల్లుడి పన్నెండు జాగ్రత్తల్లో ఇది ఎక్కడా లేదు. ఆయన తప్పు కాదు. ఆయన్ని మేమడిగింది ఆ ఊరి గురించి.

సాయంత్రం ఆరింటికి పంపించారు. లాడ్జిలో వదిన చేత రొట్టె, ఉడికించిన కూర తినిపించాను. మంచం మీద కూర్చుని ఆ చెప్పు పట్టీ లాగి చూసుకుంటోంది, ఊడుతుందేమోనని.

"వదినా, నీ గదిలో ఇంకో మంచం పడుతుందా?" అన్నాను.

"పడదు."

"నేలమీద పడుకుంటాను."

"నీ మోకాళ్ళకి నేల చల్లదనం పడదు. అయినా నీకేం ఖర్మ? కూతురుంది, మంచి అల్లుడున్నాడు. నన్ను చూసుకోవడానికి వస్తానంటే గుమ్మంలోకే రానివ్వను, చెప్తున్నాను."

అబద్ధం చెప్పాలని నాకు అప్పుడే తోచింది. సగం అబద్ధం.

"నిన్ను చూసుకోవడానికి ఎవరొస్తామన్నారు?" అన్నాను. "వాళ్ళింట్లో నాకు పగలంతా మాట్లాడే దిక్కు లేదు. అమ్మాయి ఆఫీసుకి, అల్లుడు ఆఫీసుకి. గోడల మీద చదవడానికి నోటీసులు కూడా లేవు. ఇవాళ చూశావుగా, ఒంటరిగా వదిలితే ఏమవుతానో."

వదిన చెప్పు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. మొహాలు చదవడం వచ్చిన మనిషి, నేను చెప్పింది ఎంతవరకు నిజమో ఆమెకు తెలియకుండా ఉండదు. తెలిసినట్టు బయటపడలేదు.

"తప్పిపోయింది ఎవరు?" అంది.

"నేనే" అన్నాను.

"అట్లా ఒప్పుకో." పక్క సర్దుకుని పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. గోడవైపు తిరిగే అడిగింది. "సామాను ఎంతుంటుంది?"

"ఒక పెట్టె. కుట్టుమిషను."

"మిషనా! ఇనుపదా?"

"ఇనుపదే."

"చాలా బరువు. మోసేవాణ్ణి నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడకు, నిన్ను మోసం చేస్తారు."

ఆ తర్వాత రెండు వారాలకు వదిన గదికి చేరాను. మా అమ్మాయి ఏడ్చింది, తర్వాత మామూలైంది. ఆదివారాలు వస్తారు. అల్లుడు ఆ గదికి కూడా జాగ్రత్తలు రాసిస్తానంటే వదిన వద్దంది. మాత్ర వేళకు కంచం ముందు పెట్టి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మాత్ర చేతికిస్తాను. రోజూ తిడుతుంది. బస్టాండులో తెలిసినవాళ్ళు ఎవరు కనపడినా, మహానగరంలో నేనెలా తప్పిపోయానో, తను ఊరంతా గాలించి నన్నెలా దొరకపుచ్చుకుందో చెబుతుంది. కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి అందులో ఉండదు. నేను పక్కనే నిలబడి, అవునండీ అంటాను.

పేరు: కాజాలమ్మ. వయసు: అరవై మూడు. ప్రస్తుతం ఉండేది: బస్టాండు వెనక సందు, ఎడమవైపు మూడో తలుపు, మా వదిన గదిలో.